కంటికి ఆనని మనిషి

వినీల ప్రయోగానికి మనుషులు దొరకడం లేదు. శ్రీలహరి విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సైకాలజీ చదివే ప్రతివాళ్లకూ రెండో ఏడాదిలో ఈ తలనొప్పి తప్పదు. క్యాంటీన్‌లో కూర్చున్న వాళ్లను బతిమాలాలి, సమోసా ఇప్పిస్తానని ఆశ పెట్టాలి, సరేనన్న వాళ్లు రాకపోతే ఇంకొకళ్లను వెతుక్కోవాలి. ఆఖరికి ఒక మనిషి తక్కువ పడేసరికి సొంత చెల్లెల్నే పట్టుకొచ్చింది. చందన అక్కడే డిగ్రీ మొదటి ఏడాది చదువుతోంది.

"ఏం జెయ్యాలె నేను?" అంది చందన, గడ్డాన్ని ఇనుప ఊతం మీద ఆనిస్తూ.

"తెర నడుమ చుక్క ఉంటది. దాని మీద్నుంచి చూపు తియ్యకు. పక్కల పొంటి మొహాలొస్తయి. తెలిసిన మొహమైతే కుడి బటన్ ఒత్తు, తెలవనిదైతే ఎడమది. గంతే."

"అమ్మ ఫొటో గూడ పెట్టినవా?"

"పెట్టిన. తెలిసిన మొహం ఒక్కటన్న ఉండాలె గద."

చందన నవ్వింది. "ఆమెకు తెలిస్తే మంచి చీర కట్టుకొని దిగేది గదనే ఫొటో."

ఆ గదిలోని యంత్రం శాఖాధిపతి డాక్టర్ కేదారనాథ్ తయారు చేసింది. చూడ్డానికి మామూలు కంప్యూటర్ తెర, దాని పైఅంచున గోరంత కెమెరా. చుక్క మీద ఎంత నిలిపినా మనిషి చూపు అప్పుడప్పుడూ దూకుతూనే ఉంటుంది. అలా ఒక చోటు నుంచి ఇంకో చోటుకు దూకేటప్పుడు కన్ను తెరిచే ఉన్నా మనసు ఏమీ చూడదు. ఆ రెప్పపాటును కెమెరా పట్టుకుంటుంది. సరిగ్గా అప్పుడే తెర మీద ఒక ముఖం మెరిసి మాయమవుతుంది. ఎదుట కూర్చున్న వాళ్లకు ఏదో చూశామన్న సంగతే తెలియదు. కానీ లోపల మనసు మాత్రం, ఇది పట్టించుకోనక్కర్లేనిది అని గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత అదే ముఖం నిజంగా ఎదురైతే గుర్తుపట్టడానికి కాస్త ఆలస్యమవుతుంది. మనసుకు ముందే ఇలా ఒక సూచన తగిలించడాన్ని ప్రైమింగ్ అంటారు. ఆ సూచన మనసులో వేసే గుర్తు ముద్ర, అది ఎంత గట్టిగా పడాలో చెప్పే అంకె లోతు. మామూలుగా ఆ ప్రభావం పది నిమిషాలు కూడా నిలవదు. ఆ ఆలస్యం ఎంతో కొలవడమే వినీల ప్రాజెక్టు.

ప్రయోగం మొదలుపెట్టబోతుంటే కేదారనాథ్ లోపలికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కాలో ఉండే మనిషి. యూనివర్సిటీ గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో సగం ఆయన ముఖమే. వినీల భుజం మీదుగా వంగి యంత్రం అమరికల్లో ఏవో అంకెలు మార్చాడు.

"ముద్ర లోతు నేను సరిచేశాను. దాన్ని ముట్టుకోకు" అన్నాడు.

"సరే సార్."

చందన ముఖాలు చూస్తూ బటన్లు నొక్కింది. వరసగా మూడు మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంది. మూడో రోజు తల్లి ఫొటో వచ్చినప్పుడల్లా ఆమె వేలు కదలడమే మానేసింది. అంత పెద్ద ఫలితం చూసి వినీల పొంగిపోయింది. వస్తూ వస్తూ చెల్లెలికి ఐస్‌క్రీమ్ ఇప్పించింది.

ఆ సాయంత్రం కాజీపేటలో వాళ్లింట్లో తల్లి సారక్క ఇద్దరికీ అన్నం వడ్డించింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. భర్త పోయాక పిల్లలిద్దర్నీ ఒంటిచేత్తో పెంచింది. చందన పచ్చిపులుసు కలుపుకొని రెండు ముద్దలు తిని తలెత్తింది.

"అమ్మ ఇంక రాలేదానే అక్కా?"

సారక్క నవ్వింది. "నీ ఎదురుంగనే కూసున్న గదనే, కండ్లు దొబ్బినయా?"

చందన తల్లి వైపు తిరిగింది. ఆమె చూపు సారక్క చెంప దాకా వచ్చి, నూనె రాసిన నేల మీద కాలు జారినట్టు జారి, వెనకాల గోడ మీది క్యాలెండర్ దగ్గర ఆగింది.

"గొంతు ఇనొస్తుంది. పక్కింట్ల ఉన్నదా ఏంది?" అంది.

పరాచికం అనుకున్నారు. పొద్దున లేచేసరికి కూడా అదే తీరు. తల్లి జడ వేస్తుంటే చందన కదలకుండా కూర్చుని, జడ పూర్తయ్యాక, అమ్మ ఎక్కడికి పోయిందో కూడా చెప్పలేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. కళ్ల డాక్టరు కళ్లు బాగానే ఉన్నాయన్నాడు. తలకు స్కానింగ్ తీయించారు, అందులోనూ ఏమీ లేదు. లోకంలో అందరూ చందనకు కనిపిస్తున్నారు. కన్నతల్లి మీద మాత్రం చూపు నిలవడం లేదు.

వినీలకు సంగతి అర్థమైంది. ల్యాబుకు వెళ్లి యంత్రంలో లోతు అంకె చూసింది. ఎవరి మీదా ఎన్నడూ వాడకూడదని కేదారనాథే పాఠంలో చెప్పిన హద్దుకు అది ఎన్నో రెట్లు పైన ఉంది. తల్లిని వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లింది.

"పది నిమిషాల్లో పోయే ప్రభావం ఇది" అన్నాడు కేదారనాథ్, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండానే. "ఏ ప్రైమింగూ అంతకు మించి నిలవదు. మీ ఇంట్లో ఏదో గొడవ అయ్యుంటుంది. తల్లి మీద కోపం ఒక్కోసారి ఇలా బయటపడుతుంది."

"మా పిల్లకు నా మీద కోపమెందుకుంటది సారూ?" అంది సారక్క. "పొద్దుమాపు అమ్మా అమ్మా అని ఏడుస్తనే ఉంటది. నేను ముంగటనే నిలవడి ఉంట. మీరే ఏదన్న జేసి మళ్ల మంచిగ జెయ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగబోయింది. వినీల ఆపింది.

"లోతు మీరే మార్చిండ్రు సార్. నేను చూసిన."

అప్పుడు తలెత్తాడాయన. వినీలను చూశాడు తప్ప సారక్కను చూడలేదు. "ప్రయోగం నడిపిందెవరు? నువ్వు. ప్రాజెక్టు మీద సంతకం ఎవరిది? నీది. ఫొటో తెచ్చి ఇచ్చింది ఎవరు? నువ్వే. గట్టిగా మాట్లాడావంటే ముందు పోయేది నీ డిగ్రీ. ఆలోచించుకో."

అయినా తల్లీ కూతుళ్లు ఫిర్యాదు పెట్టడంతో విచారణ సంఘం కూర్చుంది. తన యంత్రం వేసే ముద్ర ఎవరిలోనూ పది నిమిషాలకు మించి ఉండదని, ఉండే వీలే లేదని కేదారనాథ్ సంతకం చేసి ఇచ్చాడు. ఆ అమ్మాయికి ముందు నుంచే మానసిక సమస్య ఉందని సంఘం తేల్చింది. నయమయ్యే దాకా చదువుకు రావద్దంటూ చందనను పంపించేసింది. వాడలో పిల్లలు ఆమెను పిచ్చి చందన అనడం మొదలుపెట్టారు.

ఒకరోజు సారక్క అటక దులుపుతూ దుమ్ము పడకుండా ముఖానికి తువ్వాల చుట్టుకుంది. కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. చందన గదిలోకి వచ్చి ఉలిక్కిపడింది.

"ఎవరు? ఎవరు నువ్వు? మా ఇంట్ల ఏం జేస్తున్నవ్?"

సారక్క చేతిలోని చీపురు జారిపోయింది. "నేనే బిడ్డా. అమ్మను."

చందన దగ్గరికి వచ్చింది. ఆ చేతులు పట్టుకుని చూసింది, మణికట్టు మీది పచ్చబొట్టు తడిమింది. "అమ్మా!" అని ఒక్క కేక పెట్టి మెడకు చుట్టుకుపోయింది. ఇద్దరూ గట్టిగా ఏడ్చారు. ఆ ఆనందంలో బిడ్డ ముఖాన్ని ముద్దు పెట్టుకుందామని సారక్క తువ్వాల కిందికి లాగింది. చందన చేతులు పట్టు వదిలాయి. కళ్లు అటూ ఇటూ వెతికాయి.

"అమ్మా, ఏడికి వోయినవే?"

సారక్క మళ్లీ తువ్వాల చుట్టుకుంది. ఆనాటి నుంచి సొంత ఇంట్లో, సొంత బిడ్డ ముందు ఆమె ముఖం దాచుకుని తిరిగింది. వంట చేస్తూ ఉక్కపోతకు ఊపిరాడకపోయినా విప్పలేదు.

గుమ్మంలో నిలబడి అదంతా చూసిన వినీలకు కన్నీళ్లు రాలేదు. కేదారనాథ్ కళ్ల ముందు మెదిలాడు. ఆ మనిషికి ఏ శిక్ష పడితే తన కడుపు చల్లబడుతుందో ఆమెకు ఇంకా తెలియదు. కానీ ఆ శిక్ష తన చేతి మీదుగానే పడాలి.

వారం తిరగకుండా వెళ్లి ఆయన ముందు నిలబడి క్షమాపణ చెప్పింది. చెల్లెలి సంగతి ముందే చెప్పకుండా దాచానంది, ఇంట్లో గొడవలు నిజమేనంది. ఆ మాటలు నోట్లోంచి వస్తుంటే నాలుక మండింది. కేదారనాథ్‌కు లొంగిన మనుషులంటే ఇష్టం. డిగ్రీ అయ్యాక ఆమెను తన ప్రాజెక్టులోనే సహాయకురాలిగా పెట్టుకున్నాడు.

అక్కడ చేరాకే అసలు సంగతి తెలిసింది. హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చి పోతుండేవాళ్లు. వాళ్లకు కావలసింది, పోటీదారు సరుకు దుకాణంలో ఎదురుగా ఉన్నా కొనేవాళ్ల కంటికి ఆనకుండా చేయడం. పది నిమిషాల ముద్ర వాళ్లకెందుకు? ఏళ్ల తరబడి నిలుస్తుందని రుజువు కావాలి. ఆ రుజువు కోసమే చందనను వాడుకున్నాడు. తల్లి ముఖాన్నే మరిపించగలిగితే ఇక దేన్నైనా మరిపించవచ్చని ఆయన వాళ్లతో అంటుంటే, పక్క బల్ల దగ్గర కూర్చున్న వినీల చేతిలో పెన్ను విరిగింది.

"ఏమైంది?" అన్నాడాయన.

"ఏం లేదు సార్. పాత పెన్ను."

తర్వాతి మెట్టు ఇంకా పెద్దది. యూనివర్సిటీలో ప్రతి భవనం గుమ్మం దగ్గరా ముఖం చూసి హాజరు వేసే తెరలున్నాయి. విద్యార్థులు, పాఠాలు చెప్పేవాళ్లు, కాపలావాళ్లు, పాస్ కోసం వచ్చే బయటివాళ్లు అందరూ రోజూ వాటి ముందు నిలబడాల్సిందే. ఆ తెరల్లోకి తన ప్రోగ్రామ్‌ను ఎవరికీ తెలియకుండా ఎక్కించాలనుకున్నాడు కేదారనాథ్. క్యాంటీన్ గోడ మీద ఒక శీతల పానీయం పోస్టర్ ఉంది. ఏడాది తిరిగేసరికి అది ఎవరి కంటా పడకూడదు. అదీ పరీక్ష.

"పోస్టర్ బొమ్మ ఎక్కించి అన్ని తెరలకూ పంపు. లోతు నేను చెప్పినంత పెట్టు" అని పని వినీలకు అప్పగించాడు. "మనకు మాత్రం ఆ తెరలు వద్దు. ల్యాబులో ఉండే మనిద్దరం వేలిముద్రతో హాజరు వేసుకుందాం. పోస్టర్ కనిపిస్తోందో లేదో చెప్పడానికి మనమైనా మిగలాలి కదా!" అని తన మాటకు తనే నవ్వుకున్నాడు.

వినీల కంప్యూటర్ ముందు కూర్చుంది. పోస్టర్ బొమ్మ తెరిచింది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఆయన కళ్లు పోగొట్టాలని, ఆయన కూతుర్ని ఆయనకు కనిపించకుండా చేయాలని రకరకాలుగా ఊహించుకుంది. ఆ ఏడేళ్ల పిల్ల తన్మయి ఒకటి రెండుసార్లు ల్యాబుకు వచ్చి తన బల్ల మీద బొమ్మలు గీసుకుంది కూడా. ఆ పిల్ల జోలికి పోవడానికి మనసు రాలేదు. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఆయన అందరికీ కనిపించడం కోసమే బతికే మనిషి. పోస్టర్ బొమ్మ తీసేసి, గేటు దగ్గరి ఫ్లెక్సీకి వాడిన ఆయన ఫొటో పెట్టింది. పంపింది.

మొదటి నెలల్లో పెద్ద తేడా తెలియలేదు. ఆయన ఎదురొస్తే నమస్కారం పెట్టేవాళ్లు ఒక క్షణం ఆలస్యంగా పెట్టేవాళ్లు. తర్వాత పెట్టడమే మానేశారు. సమావేశాల్లో ఆయన మాట్లాడుతుండగానే వేరేవాళ్లు అందుకుని మాట్లాడేవాళ్లు. ఎదురుగా ఉన్న ఆయన గొంతు వాళ్లకు పక్కగదిలోంచి వచ్చినట్టు లీలగా వినిపించేది, రోజులు గడిచేకొద్దీ అదీ చెవిన పడలేదు. అందరికీ పొగరు ఎక్కువైందని ఆయన వినీల దగ్గర విసుక్కున్నాడు. ఆమె అవును సార్ అంది.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు ఆయన తరగతిలో పాఠం చెబుతుంటే పిల్లలు గట్టిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆయన బల్ల గుద్దాడు. ఒకమ్మాయి తలుపు వైపు చూసి, "కేదారనాథ్ సార్ ఇవాళ గూడ రాలేదు, పోదాం పారి" అంది. బెంచీలు ఖాళీ అయ్యాయి. నడవలో నిలబడిన వినీల, ఆయన చేతిలో సుద్దముక్క పట్టుకుని ఖాళీ గదిలో అలా నిలబడిపోవడం కిటికీలోంచి చూసింది. ఆ పూట అన్నం కడుపునిండా తిన్నది.

కంపెనీ వాళ్లు ఒప్పందం మీద సంతకాలకు వచ్చారు. ఏడాదిగా వస్తూ పోతూ గుమ్మంలోని తెర ముందు ఎన్నిసార్లు నిలబడ్డారో. ఆయన గదిలో, ఆయన ఎదురుగానే గంటసేపు కూర్చుని, ప్రొఫెసరుకు మర్యాద తెలియదని తిట్టుకుంటూ లేచి వెళ్లిపోయారు. ఆయన వెనకాల కారు దాకా పరుగెత్తాడు. అద్దం మీద కొట్టాడు. కారు కదిలిపోయింది.

తెలివైన మనిషే. ఏం జరిగిందో కనిపెట్టాడు. ముఖం కనిపించకపోతే చాలని కూడా కనిపెట్టాడు. మరునాడు ముఖానికి రుమాలు చుట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. కాపలా మనిషి ఆపాడు.

"ఎవరు నువ్వు? మొహానికి గుడ్డ గట్టుకొని ఏడికి?"

"నేనయ్యా, డాక్టర్ కేదారనాథ్‌ని. సైకాలజీ హెడ్‌ని."

"అయితే గుడ్డ తియ్యి, చూస్త."

ఆయన తీశాడు. కాపలా మనిషి అటూ ఇటూ చూసి పక్కవాడితో, "ఏడికి వోయిండ్రా గీ దొంగ ముండకొడుకు? ఇప్పుడే గద ఈడున్నడు!" అన్నాడు. ఆయన మళ్లీ గుడ్డ చుట్టుకోగానే ఇద్దరూ రెక్కలు పట్టుకుని రోడ్డు మీదికి నెట్టేశారు.

ఇదంతా వినీల ఆశించిందే. ఆమె ఆశించనిది క్యాంటీన్‌లో జరిగింది. కేదారనాథ్ భార్య శ్రీవాణి అదే యూనివర్సిటీలో ఇంగ్లీషు చెబుతుంది. స్కూలు నుంచి వచ్చిన తన్మయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇడ్లీ తినిపిస్తోంది. ఎదుటి కుర్చీలో కేదారనాథ్ గడ్డం పెరిగిన ముఖంతో కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, నాన్నతో మాట్లాడవా?" అంది పిల్ల.

"నాన్న ఊళ్లో లేరమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి? ఎక్కడికి వెళ్లారో ఫోన్‌లో సరిగా చెప్పరు" అంది శ్రీవాణి. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది.

"ఇక్కడే ఉన్నాడు కదా! చూడు, ఏడుస్తున్నాడు."

శ్రీవాణి ఎదుటి కుర్చీ వైపు చూసింది. ఆమె చూపు జారిపోయి గోడ మీది పోస్టర్ దగ్గర ఆగింది. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూసింది. పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న వినీలకు తన ఇల్లు గుర్తొచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఒక్క క్షణం లేచి వెళ్లి అంతా చెప్పేద్దామనిపించింది. అంతలోనే కిందికి జారిన తువ్వాల, గాల్లో వెతికే చందన కళ్లు కనిపించాయి. గ్లాసు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆయన ల్యాబుకు వచ్చి తలుపు వేశాడు.

"నీ పనేనా?"

"ఏది సార్?" అంది వినీల, ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ.

ఆ ప్రాంగణంలో తన కళ్లలోకి చూసి మాట్లాడే మనిషి ఇంకెవరూ మిగల్లేదు ఆయనకు. కుర్చీలో కూలబడ్డాడు. "పోలీసులకు చెబుతాను."

"చెప్పండి. ఏమని చెప్తరు? ముద్ర ఏళ్ల తరబడి ఉంటదనా? పది నిమిషాలకు మించి ఉండే వీలే లేదని సంతకం పెట్టింది మీరే గద సార్. ముందు నుంచే మానసిక సమస్య ఉందని మీకు గూడ రాసిస్తరు."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నీకేం కావాలి?"

"మా చెల్లెను మళ్ల మామూలు చేయండి. ముద్ర ఎట్ల చెరపాలో చెప్పండి. ఆ రోజే మీది గూడ చెరిపేస్త."

కేదారనాథ్ రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "చెరిపే పద్ధతి లేదు వినీలా."

"అబద్ధం."

"నిజంగా లేదు. ఆ ఆలోచనే చెయ్యలేదు. కంపెనీ వాళ్లు అడగలేదు. నేనూ..."

 ఇన్నాళ్లూ వినీల లోపల ఒక మూల ఆశ ఉండేది. ఈ మనిషిని పిండితే మందు బయటికి వస్తుందనుకుంది. చందన ఇక ఎప్పటికీ తల్లి ముఖం చూడదు. తను వేలమంది మనసుల్లో వేసిన ముద్ర కూడా ఎప్పటికీ పోదు. శ్రీవాణి మనసులోది కూడా. ఆ సంగతి తెలిశాక భయం వేయాలి. వేసింది కూడా. కానీ దాని మీదుగా కోపం పొంగి అంతా ముంచేసింది.

"పోండి ఇక్కడ్నుంచి" అంది.

ఆయన పోలేదు. ఆ రోజు నుంచి నీడలా వెంటపడ్డాడు. ఆ ప్రాంగణంలో పనిచేసే వాళ్లలో తనను చూడగలిగిన మనిషి ఆమె ఒక్కతే. బస్సులో పక్క సీట్లో కూర్చునేవాడు. నువ్వొక్కదానివి నోరు విప్పితే చాలు, నమ్ముతారు, నేను ఒప్పుకుంటాను, మీ చెల్లికి జరిగింది కూడా ఒప్పుకుంటాను అని గొణుగుతూనే ఉండేవాడు. నిద్రలో కూడా ఆ గొంతే వినిపించేది. ఆయనకు వేసిన శిక్షలో సగం తనకే పడిందని ఆమెకు అర్థమైంది.

ఒక మధ్యాహ్నం ల్యాబులో పాత యంత్రం తెరిచి, గడ్డం ఊతం మీద ఆనించింది. బొమ్మ స్థానంలో ఆయన ఫొటో పెట్టింది. లోతు చివరిదాకా తిప్పింది. కేదారనాథ్ తెర చూశాడు. అర్థమయ్యాక మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"వద్దమ్మా. నువ్వు కూడా చూడకపోతే ఇక నాకెవరున్నారిక్కడ? నీ కాళ్లు మొక్కుతాను."

అచ్చం ఆ మాటే తన తల్లి అన్నప్పుడు ఈ మనిషి కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. వినీల తెర మధ్యలో చుక్క మీంచి చూపు తిప్పలేదు. బటన్ నొక్కింది.

మరునాడు ఆయన నిలబడిన చోట కళ్లు నిలపాలంటే కష్టంగా ఉంది. మాట మాత్రం ఎక్కడో దూరం నుంచి వస్తోంది. ఆ మరునాడు ఆమె యంత్రం ముందు కూర్చుంటే గదిలోకి ఎవరూ రాలేదు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రాణం హాయిగా అనిపించింది. యంత్రం కట్టేసి, ఖాళీగా ఉన్న బస్సులో కూర్చుని ఇంటికి వెళ్లింది.

కొన్ని వారాలు ప్రశాంతంగా గడిచాయి. ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో సారక్క తువ్వాల తీసేసి, చేతిలో మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉంది. ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీతో మాట్లాడుతోంది.

"ఎవరితోని మాట్లాడుతున్నవే అమ్మా?"

సారక్క తిరిగి చూసింది. జవాబు చందన నుంచి వచ్చింది. ఆమె గోడకు ఆనుకుని, బెదిరిన కళ్లతో ఆ కుర్చీనే చూస్తోంది. "అక్కా, గా కాలేజీ సార్ ఎందుకొచ్చిండే? వచ్చిన కాడ్నుంచి ఏడుస్తనే ఉన్నడు. నాకు భయమైతుంది. అమ్మ ఏడికి వోయింది?"

వినీల కుర్చీ వైపు చూసింది. ఆమె చూపు కిటికీ దగ్గరికి పోయింది. మళ్లీ తెచ్చింది. మళ్లీ పోయింది.

 సారక్క ఒక బిడ్డ ముఖంలోంచి ఇంకో బిడ్డ ముఖంలోకి చూసింది. ఆ జారే చూపు ఎలాంటిదో ఆమెకు చెప్పక్కర్లేదు.

"నీకు గూడనా?" అంది. ఆ వెంటనే ఇంకా మెల్లగా, "నీకెవరు జేసిండ్రే ఇది?"

"నేనే చేసుకున్న" అంది వినీల. ఇన్నాళ్లు ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. ఆ మనిషి తన ఇంట్లో, తన తల్లి ముందు కూర్చుని ఏడుస్తున్నాడు. చూడాలి. కడుపునిండా చూడాలి. కళ్లు చించుకుని చూసింది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, దాని వెనక కిటికీ, కిటికీ అవతల ఆరేసిన బట్టలు.

"ఎట్ల ఏడుస్తుండమ్మా?" అంది. "చెప్పవే. బాగ ఏడుస్తుండా? మొహమెట్లున్నది? ఒక్కసారి చెప్పరాదే అమ్మా!"

సారక్క కుర్చీ వైపు వంగి గ్లాసు అందించింది.

"తాగు సారూ" అంది. "నాకు కనవడ్తున్నవ్."